ముప్పై నాలుగంటే ఏం ముప్పై నాలుగు?

మన ఇళ్ళలో కొలత తెలియని వస్తువు ఉండదు. ఎన్ని గ్లాసుల బియ్యానికి ఎన్ని నీళ్ళో, రవిక ముక్క 80 సెంటీమీటర్లు చాలుతుందో మీటరు కావాలో, పోయినసారి చేయించిన గాజులు ఎన్ని గ్రాములో నిద్రలో లేపి అడిగినా చెప్తాం. పొద్దున లేచిన దగ్గర్నుంచీ రాత్రి పడుకునేదాకా ఒంటిని అంటిపెట్టుకుని ఉండే బ్రా సైజు అడిగితే మాత్రం "34 అనుకుంటా" అంటాం. ఆ "అనుకుంటా" దగ్గరే నాకు ఎప్పుడూ అనుమానం.

34 అంటే ఏమిటని ఒకసారి బట్టల షాపులో అడిగాను. ఆ అబ్బాయి అట్టపెట్టె అటూ ఇటూ తిప్పి చూసి "34 అంటే 34 అండీ" అన్నాడు. పాపం, అతను మాత్రం ఏం చెప్తాడు? అంగుళాలే అనుకుందాం, ఎక్కడ కొలిస్తే 34? రొమ్ముల మీదా, కిందా? పక్కనున్న ఆ బి, సి అక్షరాలు ఎవరు పెట్టారు? పిల్లలు స్కూలుకి వెళ్ళాక మధ్యాహ్నాలు కూర్చుని దొరికినవన్నీ చదివాను. దీనికి బోలెడు చరిత్ర ఉంది. పని తెమిలాక మీరూ ఓ అరగంట కూర్చోండి, చెప్తాను.

ముందు పేరు సంగతి. మా అమ్మమ్మ తరం వాళ్ళు దీన్ని "బాడీ" అనేవారు. ఇంగ్లీషు బాడిస్ మన నోళ్ళలో పడి అలా అయినట్టుంది. బ్రా అనేది "బ్రాసియేర్" అన్న ఫ్రెంచి మాటకి పొట్టి రూపం. తమాషా ఏమిటంటే ఫ్రెంచి వాళ్ళు దీన్ని ఆ పేరుతో పిలవరు, వాళ్ళకి బ్రాసియేర్ అంటే చంటిపిల్లల చొక్కా. 1907లో అమెరికాలో వోగ్ పత్రిక ఆ మాట వాడింది, తరవాత తరవాత ఇంగ్లీషులో అదే స్థిరపడింది. మనం మటుకు ఏ పేరూ పెట్టం. "లోపలివి" అంటాం, తువ్వాలు కింద దాచి ఆరేస్తాం. పేరు పలకని వస్తువు కొలత ఎవరిని అడుగుతాం చెప్పండి?

రవికకి ఈ బాధ లేదు. టైలరుకి ఆది జాకెట్టు ఇస్తాం. చంక దగ్గర అర అంగుళం వదులు చెయ్యి, మెడ కాస్త దించు అని చెప్తాం. అంటే రవిక మన ఒంటిని చూసి పుడుతుంది. బ్రా ఎక్కడో ఫ్యాక్టరీలో ముందే పుట్టేసి, అందులో ఇమడమని మనల్ని అడుగుతుంది.

ఒకప్పుడు అదీ రవికలాగే ఉండేది. ఆస్ట్రియాలో లెంగ్‌బెర్గ్ అని ఒక పాత కోట ఉంది. 2008లో దానికి మరమ్మతులు చేస్తుంటే ఒక గది నేల కింద గుడ్డపేలికల కుప్ప బయటపడింది. అందులో నాలుగు నారబట్ట బ్రాలు ఉన్నాయి. రెండు గిన్నెలు విడివిడిగా కత్తిరించి కుట్టినవి, ఒకదానికి లేసు కూడా ఉంది. ఇన్స్‌బ్రుక్ విశ్వవిద్యాలయం వాళ్ళు పరీక్ష చేయించి అవి 15వ శతాబ్దానివని తేల్చారు. 2012లో ఆ సంగతి బయటికి చెప్పేసరికి ప్రపంచమంతా నోరు వెళ్ళబెట్టింది. బ్రా వయసు నూరేళ్ళే అని అంతవరకూ పుస్తకాల్లో రాసుకున్నారు మరి. వాటి మీద సైజు నంబర్లు ఏముంటాయి? ఎవరి ఒంటికి వాళ్ళు కుట్టుకున్నవి.

ఆ తరవాత కొన్ని వందల ఏళ్ళు యూరప్ ఆడవాళ్ళు కోర్సెట్లలో ఇరుక్కున్నారు. నడుము చుట్టూ గట్టి పట్టీలు, వెనక తాళ్ళు, వాటిని లాగి కట్టడానికి ఇంకో మనిషి. రొమ్ముల్ని కింద నుంచి పైకి నెట్టి నిలబెట్టేవి. 1889లో పారిస్‌లో పెద్ద ప్రదర్శన జరిగింది, ఈఫిల్ టవర్ కట్టింది దాని కోసమే. ఆ ప్రదర్శనలో హెర్మినీ కదోల్ అనే ఆవిడ కోర్సెట్‌ని అడ్డంగా రెండు ముక్కలు చేసి పెట్టింది. కింది ముక్క నడుముకి. పై ముక్క భుజాల మీద నుంచి పట్టీలతో వేలాడుతుంది. దానికి ఆవిడ పెట్టిన పేరుకి అర్థం "సుఖం". నాకు ఆ పేరు భలే నచ్చింది. అమ్మకానికి పెట్టే వస్తువుకి అందం అని కాకుండా సుఖం అని పేరు పెట్టడం ఒక ఆడమనిషికే తోచింది. కానీ భుజాల మీద బరువు పడడం కూడా అప్పుడే మొదలైంది, ఆ సంగతి తరవాత చెప్తాను.

పాతికేళ్ళు గడిచాయి. అమెరికాలో మేరీ ఫెల్ప్స్ జేకబ్ అనే కలవారి పిల్ల డాన్సు విందుకి తయారవుతుంటే, పల్చటి గౌను లోంచి కోర్సెట్ పుల్లలు పొడుచుకొస్తున్నాయట. విసుగొచ్చి పనమ్మాయి చేత రెండు పట్టు చేతిరుమాళ్ళు, ఒక రిబ్బను తెప్పించుకుని అప్పటికప్పుడు కుట్టుకుంది. స్నేహితురాళ్ళందరూ మాకూ మాకూ అన్నారు. 1914 నవంబరు 3న దానికి పేటెంటు వచ్చింది. ఆ పేటెంటు కాగితంలో ఒక ముక్క నన్ను ఆపేసింది. ఈ ఒక్కటే రకరకాల కొలతల వాళ్ళకి సరిపోతుంది అని గొప్పగా రాసుకుంది. అవును మరి, రిబ్బనుతో కట్టుకునేది ఎవరికైనా సరిపోతుంది. తరవాత ఆ హక్కుని వార్నర్ బ్రదర్స్ కోర్సెట్ కంపెనీకి 1,500 డాలర్లకి అమ్మేసింది. సినిమాల వార్నర్ బ్రదర్స్ వేరు, వీళ్ళు ఇద్దరు డాక్టర్లయిన అన్నదమ్ములు పెట్టిన కంపెనీ. ఈ పేరు గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

1920లలో అమెరికా ఆడపిల్లలకి మగపిల్లల్లా చదునుగా కనిపించాలని మోజు పుట్టింది. ఛాతీని అదిమి కట్టే పట్టీలు అమ్మేవారు, ఒక కంపెనీ పేరే బాయిష్‌ఫామ్. న్యూయార్కులో ఇనిడ్ బిసెట్ అనే ఆవిడ గౌన్ల షాపులో ఇడా రోసెంతాల్ కుట్టుపని చేసేది. ఇప్పటి బెలారస్ ప్రాంతం నుంచి వలస వచ్చిన మనిషి. ఎంత బాగా కుట్టినా ఆ అదుముడు పట్టీల మీద గౌను సరిగ్గా కూర్చోవడం లేదు. దాంతో ఇద్దరూ కలిసి, ఇడా భర్త విలియం సాయంతో, రెండు గిన్నెలు ఉన్న లోపలి ముక్కని గౌన్లకే కుట్టి ఇవ్వడం మొదలుపెట్టారు. గౌను సంగతి సరే, ఆ లోపలిది విడిగా ఇమ్మని జనం ఎగబడ్డారు. 1922లో మెయిడెన్‌ఫామ్ కంపెనీ అలా పుట్టింది. బాయిష్‌ఫామ్‌కి సరైన జవాబు! రెండో ప్రపంచ యుద్ధంలో ఈ కంపెనీయే సైన్యం కోసం పావురాలకి చిన్న చిన్న చొక్కాలు కూడా కుట్టింది. పారాచూట్ సిపాయిలు సందేశాల పావురాల్ని వాటిలో పెట్టి ఒంటికి కట్టుకుని దూకేవారు. పావురానికి కూడా ఒంటికి సరిపోయేలా కుట్టారన్నమాట.

ఇంతవరకూ అక్షరాలు లేవు. 34 అంటే ఛాతీ చుట్టుకొలత, అంతే. సన్నటి మనిషికి నిండైన రొమ్ములున్నా, వీపు వెడల్పయిన మనిషికి చిన్న రొమ్ములున్నా ఒకటే 34.

1932లో ఎస్.హెచ్. క్యాంప్ అనే కంపెనీ, మిషిగన్‌లో నడుముకీ పొట్టకీ ఆసరా బెల్టులు చేసే కంపెనీ, రొమ్ముల పరిమాణాన్నీ అవి ఎంత జారి ఉన్నాయన్నదాన్నీ బట్టి ఎ నుంచి డి వరకూ అక్షరాలు పెట్టింది. ఆ మర్నాడు ఏడాది వ్యాపార పత్రికలో ప్రకటన కూడా వేసింది. అంటే ఆ అక్షరాలు మొదట పుట్టింది ఆసరా బెల్టుల దుకాణంలో. 1937లో వార్నర్ వాళ్ళు, ఇందాక గుర్తు పెట్టుకోమన్నానే, వాళ్ళు బ్రాల మీద ఎ బి సి డి వేసి అమ్మడం మొదలుపెట్టారు. తక్కిన కంపెనీలు వెనకే నడిచాయి. అందరికీ ఒకటే సరిపోతుందన్న పేటెంటు కొన్న కంపెనీయే, ఇరవైమూడేళ్ళ తరవాత అలా సరిపోదని ఒప్పుకున్నట్టయింది. ఒప్పుకున్నా లోకంలోని ఆడవాళ్ళందరినీ నాలుగక్షరాల్లో సర్దేసింది. మన షాపుల్లో అయితే ఆ నాలుగు కూడా ఉండవు, అడక్కుండానే బి చేతిలో పెడతారు.

అక్షరాలు వచ్చాక నంబరు సంగతేమిటి? గిన్నె లోతు అక్షరం చెప్తుంటే, నంబరు చుట్టూ తిరిగే పట్టీ కొలత చెప్పాలి. రొమ్ముల కింద కొలిస్తే వచ్చేది తక్కువ సంఖ్య కదా, పాత నంబర్లకి అతకదు. అందుకని కింద కొలిచిన దానికి 4 కలపండి, బేసి సంఖ్య వస్తే 5 కలపండి అన్నారు. అప్పటి గుడ్డ సాగేది కాదు, అందుకే కలిపేవారని చాలామంది చెప్పే కారణం. 1958లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీలో జోసెఫ్ షివర్స్ అనే ఆయన లైక్రా దారం కనిపెట్టాడు. గుడ్డ సాగడం మొదలైంది. ఇప్పుడు చాలా కంపెనీలు కింద కొలత ఎంతో పట్టీ నంబరు అంతే అంటాయి. కొన్ని ఇంకా 4 కలపమంటాయి. రెండు రకాల పట్టికలూ ఈ రోజుకీ చెలామణీలోనే ఉన్నాయి. అయోమయమంతా ఇక్కడే ఉంది.

మా అమ్మ లెక్క చూడండి. రొమ్ముల కింద టేపు బిగువుగా పెడితే 34 అంగుళాలు. రొమ్ముల మీద, బాగా ఎత్తుగా ఉన్న చోట, 39. రెండింటి తేడా ఒక అంగుళమైతే ఎ, రెండయితే బి, మూడు సి, నాలుగు డి, అయిదు డిడి. కొత్త పద్ధతిలో అమ్మది 34 డిడి. పాత పద్ధతిలో 34కి 4 కలిపితే 38, 39కీ దానికీ తేడా ఒకటే, కాబట్టి 38 ఎ. ఒకే అమ్మ, ఒకే టేపు, ఒకే మధ్యాహ్నం!

మరి అమ్మ ముప్పై ఏళ్ళుగా వేసుకుంటున్నది ఏమిటి? 40 బి. బజారులో దొరికే పెద్ద సైజు అదే. విచిత్రం ఏమిటంటే గిన్నె ఆవిడకి సరిగ్గానే పట్టేది. బి అంటే అన్నిటికీ ఒకే గిన్నె అనుకుంటాం, కానీ పట్టీ పెద్దదయ్యే కొద్దీ అదే అక్షరం గిన్నె కూడా పెద్దదవుతుంది. 34 డిడి, 36 డి, 38 సి, 40 బి, ఈ నాలుగింటి గిన్నె ఒకటే. వీటిని అక్కచెల్లెళ్ళ సైజులంటారు. ముందు నిండుగా ఉంది కాబట్టి సరిపోయిందని అమ్మ అనుకుంది. పట్టీ మాత్రం ఆరు అంగుళాలు ఎక్కువ. వదులు పట్టీ బరువు మోయదు. వీపు మీద పైకి పాకేస్తుంది. అప్పుడు బరువంతా రెండు స్ట్రాపుల మీద పడుతుంది. అమ్మ భుజాల మీద వేలు పట్టేంత గాళ్ళు పడ్డాయి. ఎండాకాలం వస్తే రొమ్ముల కింద చెమటకి ఒరుసుకుపోయి పౌడరు చల్లుకునేది. మెడనొప్పికి ఎన్ని నూనెలు రాశామో లెక్క లేదు. అడిగితే "వయసు మీద పడింది కదే" అనేది. అన్నీ వయసు మీదకి తోసెయ్యడం మన అమ్మలకి అలవాటు.

పోయిన ఏడాది సిటీకి వెళ్ళినప్పుడు 36 డి దొరికింది. 34 డిడి అడిగితే షాపులో ఆ అమ్మాయి నా వంక చూసి నవ్వింది, పోన్లే. 36 కూడా అమ్మకి మొదట బిగుతుగానే తోచింది, ముప్పై ఏళ్ళ వదులుకి అలవాటుపడిన ఒళ్ళు. నాలుగు రోజుల తరవాత ఫోన్ చేసి, కొలతలు వినీ వినపడనట్టు చెప్పే మనిషి, "ఇంకో రెండు పంపించు" అంది. గాళ్ళు పూర్తిగా పోలేదు. మెడ మీద చెయ్యి వేసుకోవడం మాత్రం తగ్గింది.

ఇది మా ఇంటి గొడవే అనుకోకండి. 2008లో ఆస్ట్రేలియాలో 18 నుంచి 26 ఏళ్ళ మధ్య వయసు అమ్మాయిలు 30 మందిని కొలిచి చూస్తే 80 శాతం మంది తప్పు సైజు వేసుకుంటున్నారు. 30 మందే కాబట్టి దాన్నే లోకం లెక్క అనడానికి లేదు, అయినా చదువుకున్న పిల్లలు, కొలిచి ఇచ్చే షాపులున్న దేశం.

విదేశాల్లో మన పిల్లలుంటే ఇంకో చిక్కు. ఇక్కడి 34 బి యూరప్‌లో చాలా చోట్ల 75 బి, ఫ్రాన్సులో 90 బి, ఆస్ట్రేలియాలో 12 బి. 90 చూసి గుండె ఆగినంత పని అవుతుంది, అవి సెంటీమీటర్లు, అందులోనూ ఫ్రెంచి వాళ్ళు తమ లెక్క ప్రకారం 15 కలుపుతారు. డి దాటాక అక్షరాలు కూడా మారిపోతాయి. బ్రిటన్‌లో డిడి తరవాత ఇ, అమెరికాలో డిడిడి. తేడా ఆరంగుళాలే.

అసలు ఆడవాళ్ళ కొలతలు తీసి చూద్దామన్న బుద్ధి ప్రభుత్వాలకి పుట్టిందే ఆలస్యంగా. 1939, 40లలో అమెరికా వ్యవసాయ శాఖలో రూత్ ఓబ్రయన్ అనే ఆవిడ దాదాపు 15,000 మంది ఆడవాళ్ళని, ఒక్కొక్కరిని 59 చోట్ల కొలిపించింది. అది బ్రాల కోసం చేసిన పని కాదు, రెడీమేడ్ బట్టల కోసం. ఆ లెక్కలో తెల్లవాళ్ళ కొలతలే ఉంచి మిగతావాళ్ళవి తీసేశారు. మన దేశంలో నిఫ్ట్ సంస్థ ఇండియాసైజ్ పేరుతో 25,000 మందిని స్కానర్లతో కొలుస్తామని 2018లో ప్రకటించింది, ఎంచుకున్న ఊళ్ళలో హైదరాబాద్ కూడా ఉంది. మన ఒంటికి మన దేశం లెక్క అన్నది అప్పుడు మొదలైంది. అందాకా మనం వేసుకున్నవన్నీ వేరేవాళ్ళ ఆది జాకెట్లే.

ఇంట్లో కొలుచుకోవడానికి కుట్టుమిషను టేపు చాలు. తలుపు వేసుకుని, పల్చటి బ్రా మీద కొలవండి. కింద కొలిచేటప్పుడు ఊపిరి వదిలి బిగువుగా, మీద కొలిచేటప్పుడు టేపు ఒరిగీ ఒరగనట్టు. వెనక టేపు కిందికి జారకుండా అద్దంలో చూసుకోవాలి. ఆ రెండు సంఖ్యలూ మొదలు మాత్రమే, అసలు పరీక్ష తొడుక్కున్నాక. కాస్త ముందుకి వంగి తొడుక్కుని, పక్కలకి పోయిన కండని చేత్తో గిన్నెలోకి సర్దుకోండి. అన్నిటికన్నా వదులు హుక్కు దగ్గర పట్టీ బిగువుగా ఉండాలి. ఉతికే కొద్దీ ఎలాస్టిక్ సాగుతుంది, లోపలి హుక్కులు ఉన్నది అప్పటి కోసం. పట్టీ ముందు ఎంత ఎత్తులో ఉందో వెనకా అంతే ఉండాలి. రెండు గిన్నెల మధ్య ముక్క ఎముకకి ఆనాలి, గాల్లో తేలితే గిన్నె చిన్నదని అర్థం. స్ట్రాపు కింద రెండు వేళ్ళు దూరాలి. ఇప్పుడు అటక మీద డబ్బా తీస్తున్నట్టు చేతులెత్తండి. పట్టీ కదలకపోతే అది మీది. పాలిచ్చే తల్లులకి, నెలసరి ముందు ఒళ్ళు నీరుపట్టే వాళ్ళకి కొలత మారుతుంది. ఒళ్ళు వచ్చినా తగ్గినా మళ్ళీ టేపు తియ్యాల్సిందే. ఒక కంపెనీ 36 ఇంకో కంపెనీ 36తో కలవదు, ఆ ఆశ వదులుకోండి.

మా అమ్మాయి తొమ్మిదో తరగతి, ఖోఖో ఆడుతుంది. దానికి స్పోర్ట్స్ బ్రా కొన్నప్పుడు, 1977లో వెర్మాంట్‌లో లీసా లిండాల్ అనే ఆవిడ పరుగెత్తడానికి ఇబ్బందిగా ఉందని, స్నేహితురాళ్ళతో కలిసి మగ ఆటగాళ్ళు లోపల వేసుకునే సపోర్టర్లు రెండు తెచ్చి కలిపి కుట్టించి దీన్ని తయారు చేసిందని చెప్పాను. పడీ పడీ నవ్వింది. నవ్వు మధ్యలోనే సైజు మాట కూడా మామూలుగా మాట్లాడేసుకున్నాం.

నా తోటికోడలిది ఇంకో అవస్థ, అమ్మకి పూర్తిగా తలకిందులు. సన్నటి మనిషి, కింద 28, మీద 31. లెక్క ప్రకారం 28 సి. మా ఊళ్ళో 28 అడిగితే చిన్నపిల్లల వరస చూపిస్తారు. అక్కచెల్లెళ్ళ లెక్కలో 30 బి తెచ్చాం, గిన్నె కుదిరింది, పట్టీ లోపలి హుక్కుకి పెట్టినా వదులే. మిషను దగ్గర కూర్చుని వెనక హుక్కుల ముక్క విప్పి, రెండు పక్కలా అర అంగుళం చొప్పున లోపలికి మడిచి కుట్టాను. వేసుకుని వచ్చి, "అక్కా, మిగతావి కూడా తెస్తా, ఉండు" అని లోపలికి వెళ్ళింది. ఎనిమిది తెచ్చింది.